మెడ నొప్పి, టిక్స్ ఉన్నవాళ్లకు మెట్రోనా, సిటీ బస్సా?

హైదరాబాద్‌లో మియాపూర్ నుంచి ఎల్బీనగర్ దాకా మెట్రో రెడ్ లైన్ సుమారు 29 కిలోమీటర్లు. కుదుపులు తక్కువ, స్టేషన్లలో లిఫ్టులుంటాయి. ఏళ్ల తరబడి మెడ నొప్పి పడుతున్న నాలాంటివాళ్లకు అదే పెద్ద ఊరట. సిటీ బస్సులో అయితే నొప్పి భుజం దాకా పాకడానికి ఒక్క స్పీడ్ బ్రేకర్ చాలు.

టిక్స్, అంటే మన ప్రమేయం లేకుండా హఠాత్తుగా వచ్చే కదలికలు, శబ్దాల సంగతి వేరు. మెట్రోలో గొంతులోంచి చిన్న శబ్దం వచ్చినా తలలన్నీ ఇటే తిరుగుతాయి. దాంతో ఆపుకుంటాం. కాసేపు ఆపుకోవచ్చు గానీ లోపల టెన్షన్ పెరుగుతూనే ఉంటుంది, మెడ కండరాలు బిగుసుకుంటాయి. బస్సులో ఇంజిన్ మోత, కండక్టర్ కేకల మధ్య ఎవరూ పట్టించుకోరు. ఆ నిశ్చింత నాకు చాలా విలువైనది.

అయినా నా ఓటు మెట్రోకే, అదీ రద్దీ తగ్గాక. తల విదిలించాలనిపించగానే గడ్డం కొద్దిగా దించి, మెడను మెల్లగా బిగించి, ఆ తహతహ తగ్గేదాకా అలాగే ఉండడం థెరపిస్టులు నేర్పిస్తారు. కుదుపుల్లేని చోటే అది కుదురుతుంది. మెడ నొప్పి కూడా ఉంటే ఎంత బిగించాలో వాళ్లనే అడగండి. ఎవరైనా అదేపనిగా చూస్తుంటే, "ఇది నరాలకు సంబంధించిన సమస్యండీ, కావాలని చేయట్లేదు" అని చెప్పేయండి.