వంటింటి లామినేట్ కౌంటర్, చేయించుకుని ఏడాదైంది

మా విజయవాడ ఫ్లాట్‌లో గ్రానైట్ గట్టు చిన్నది, స్టవ్వు, సింకు పోను మిక్సీ పెట్టడానికి కూడా జాగా ఉండదు, అందుకే ఎదురు గోడకు ఏడడుగుల పొడవు, రెండడుగుల వెడల్పుతో లామినేట్ కౌంటర్ చేయించాం. మా వీధి చివరి వర్క్‌షాప్ కార్పెంటర్ గారు చేశారు. పనితనం విషయంలో కళ్లు మూసుకుని నమ్మొచ్చు. చెప్పిన రోజుకి ఇస్తారని మాత్రం నమ్మకండి, నాలుగు రోజులన్నది పదకొండు రోజులైంది.

ఆయన టేపుతో కొలిచేసి వెళ్లిపోలేదు. అట్టముక్కలు గోడకు ఆనించి గీతలు గీసుకున్నారు. "గోడ తిన్నగా లేదమ్మా, టేపు కొలతతో కోస్తే వెనక సందు మిగులుతుంది" అన్నారు. చూస్తే నిజంగానే మధ్యలో 12 ఎంఎం లోపలికి పోయింది. ఆ వంపుకి తగ్గట్టే వెనక అంచు చిత్రిక పట్టారు, ఇప్పుడు సన్నటి సిలికాన్ గీత తప్ప ఏమీ కనిపించదు.

ప్లైవుడ్ 19 ఎంఎం, ఐఎస్ 710 ముద్ర (నీళ్లకు తట్టుకునే మెరైన్ ప్లై ప్రమాణం) ఉన్నదే తెచ్చారు. ధర తక్కువని వంటింటికి ఎంఆర్ ప్లై (కొద్దిపాటి తేమకు మాత్రమే ఆగే మామూలు రకం) ఒప్పుకోకండి, తడికి ఉబ్బిపోతుంది. పైన 1 ఎంఎం మ్యాట్ లామినేట్, అడుగున కూడా 0.8 ఎంఎం షీట్ అంటించారు. ఎవరికీ కనపడని చోట దండగ కదా అని మావారు అడిగితే, ఒకవైపే అంటిస్తే కొన్నాళ్లకు పలక విల్లులా వంగిపోతుందని చెప్పారు. షీట్ ఎనిమిదడుగులది కాబట్టి మాకు అతుకు రాలేదు, మీ కౌంటర్ అంతకంటే పొడవైతే అతుకు ఎక్కడ పడుతుందో ముందే అడగండి.

వానాకాలంలో కిటికీ వైపు ఎడ్జ్ బ్యాండ్ (పలక అంచుకు అంటించే పట్టీ) జానెడు మేర లేచింది. ఆ సందులోంచి నీళ్లు ప్లైలోకి దిగితే మొత్తం పాడైపోతుందని నాకు ఒకటే టెన్షన్. మూడుసార్లు ఫోన్ చేస్తేగానీ రాలేదు, కానీ వచ్చాక పైపైన అతికించి పోకుండా ఆ వైపు పట్టీ అంతా పీకి, పాత జిగురు గీకి, కొత్తది వేశారు. డబ్బు తీసుకోలేదు. మళ్లీ లేవలేదు.

పసుపు మరకలు సబ్బునీళ్లతో పోతున్నాయి. వేడికి మాత్రం జాగ్రత్త. మా అత్తయ్య ఒకసారి పొయ్యి మీంచి దించిన బాణలి నేరుగా పెట్టేశారు, అక్కడ రూపాయి బిళ్లంత బుడగ లేచింది, అది ఇక పోదు.

కింద స్టాండుతో కలిపి 16,500 అయింది. పిల్లాడి చదువు బల్ల కూడా ఆయనకే చెప్పాం, ఈసారి స్కూళ్లు తెరవడానికి నెల ముందే.