ఎనిమిది అంగుళాల డాబ్సోనియన్ టెలిస్కోపు: పర్లాకిమిడి డాబా మీద నుంచి నా రివ్యూ

ఈ సైజు టెలిస్కోపు మీద నేను చదివిన రివ్యూలు చాలావరకు శని వలయాల దగ్గరా చంద్రుడి గుంటల దగ్గరా ఆగిపోయాయి. అవి చక్కగా కనిపిస్తాయి, అనుమానమే లేదు. నేను కొన్నది మాత్రం వేరే పనికి. పెద్ద గెలాక్సీ తన చుట్టూ తిరిగే చిన్న గెలాక్సీని ఎలా చీల్చి కలిపేసుకుంటుందో ఏటా క్లాసులో బోర్డు మీద బొమ్మ గీసి చెబుతుంటాను. అలా చీలగా మిగిలినదాన్ని ఒక్కదాన్నయినా పిల్లలకు కళ్లారా చూపించాలని ఎప్పటినుంచో ఉంది. ఆ పనికి ఇది ఎంతవరకు వచ్చిందో రాస్తాను.

ముందు వస్తువు సంగతి. అద్దం 203 మిల్లీమీటర్లు, ఫోకల్ లెంగ్త్ 1200. కూడా వచ్చిన 25 మిల్లీమీటర్ల ఐపీస్ (కన్ను పెట్టి చూసే కటకం) పెడితే 48 రెట్లు, 10ది పెడితే 120 రెట్లు. మోటారు లేదు, చేత్తో తోసుకోవడమే. ఈ తరహా స్టాండుకు పేరు తెచ్చిన జాన్ డాబ్సన్ శాన్‌ఫ్రాన్సిస్కోలో వేదాంత సొసైటీ సన్యాసి. 1944లో మఠంలో చేరి, 1967లో బయటికొచ్చి, వీధుల్లో టెలిస్కోపు పెట్టి దారిన పోయేవాళ్లకు ఆకాశం చూపించాడు. పిల్లల చేతికిచ్చినా భయపడక్కర్లేనంత సాదా పరికరం కావడం దీని గొప్పతనం. నాకు యాభై వేలు దాటింది. కొరియర్‌వాళ్లు మా ఊరిదాకా తేలేమంటే విశాఖ వెళ్లి తెచ్చుకున్నాను. గొట్టం, స్టాండు కలిపి ఇరవై కిలోల పైమాటే. ఒక్కరే డాబా ఎక్కించాలంటే రెండు విడతలు పడుతుంది.

ఇక అసలు పరీక్ష: ఎం54 అనే నక్షత్ర గుచ్ఛం, అంటే బంతిలా గుమిగూడిన చుక్కల గుంపు. ధనూరాశిలో, మన ఉత్తరాషాఢలోని జీటా అనే చుక్కకు ఒకటిన్నర డిగ్రీల పైచిలుకు పడమరగా ఉంటుంది. 1778లో ఫ్రెంచి ఖగోళవేత్త షార్ల్ మెస్సియే పారిస్ నుంచి దీన్ని కనిపెట్టాడు. అక్కడ ఇది ఎంత పైకొచ్చినా 11 డిగ్రీలు దాటదు. మా పర్లాకిమిడిలో 41 డిగ్రీల ఎత్తుకు వస్తుంది. ఈ తేడా నాకు ఎంత సంతోషమో చెప్పలేను. మెస్సియేకు మసకగా, నడుమ వెలుగుతో, ఒక్క చుక్కా విడిగా లేకుండా కనిపించిందట. నా టెలిస్కోపులోనూ అంతే. 120 రెట్లు పెంచినా చిన్న తెల్లటి మసక, మధ్యలో గట్టి వెలుగు. చుక్కలు విడిపోవు. ఇది చూసి నిరాశపడొద్దు. అది మనకు దాదాపు 87 వేల కాంతి సంవత్సరాల దూరంలో, పాలపుంత నడిబొడ్డుకు అవతల ఉంది.

రెండు వందల ఏళ్లకు పైగా దీన్ని మన పాలపుంతలోని నక్షత్ర గుచ్ఛమనే అనుకున్నారు. 1994లో ఇబాటా, గిల్మోర్, ఇర్విన్ అనే ముగ్గురు పాలపుంత మధ్యభాగపు చుక్కల వేగాలు కొలుస్తుంటే, కొన్ని చుక్కలు మిగతావాటితో పొసగని వేగంతో గుంపుగా కదులుతూ దొరికాయి. అది ధనూరాశి మరుగుజ్జు గెలాక్సీ. దాని నడిమధ్యన కూర్చున్నదే ఎం54. తాటిపండు పీచంతా చప్పరించేశాక మిగిలే టెంక లాంటిది. చుట్టూ ఉన్న గెలాక్సీని పాలపుంత కొన్ని వందల కోట్ల ఏళ్లుగా ఊడబెరుకుతూనే ఉంది.

మా పదో తరగతి పిల్ల ఒకతె ఐపీస్‌లో కన్ను పెట్టి అడిగింది: "చుక్కలు పగిలిపోతాయా, మేడమ్?" పగలవు. సముద్రానికి ఆటుపోట్లు తెచ్చే బలమే ఇక్కడా పని చేస్తుంది. చిన్న గెలాక్సీలో పాలపుంత వైపున్న అంచును ఎక్కువగా, అవతలి అంచును తక్కువగా లాగడమే ఆ బలం. దూరం సగమైతే ఆకర్షణ నాలుగు రెట్లు పెరుగుతుంది, ఈ తేడా మాత్రం ఎనిమిది రెట్లు. అందుకే చిన్న గెలాక్సీ తన కక్ష్యలో పాలపుంతకు బాగా దగ్గరైనప్పుడల్లా ఎక్కువ నష్టపోతుంది. ముందు పోయేది బయట విశాలంగా పరుచుకున్న డార్క్ మ్యాటర్ (కంటికి కనబడని పదార్థం), ఆ తర్వాత అంచు చుక్కలు. లోపలి వైపు జారినవి ముందుకు పరుగెడతాయి, బయటి వైపు జారినవి వెనకబడతాయి. అలా ముందొక తోక, వెనకొక తోక. ఒక్కో చుక్కా చెక్కుచెదరకుండానే ఉంటుంది, సొంత గెలాక్సీతో దాని బంధమే తెగిపోతుంది. నడుమ దట్టంగా ఉన్నది చివరిదాకా నిలుస్తుంది.

"మరి ఊడిపోయినవి ఎక్కడున్నాయి?" అంది. 2003లో ఇన్‌ఫ్రారెడ్ సర్వే నుంచి ఎర్రటి రాక్షస నక్షత్రాలను ఏరి మ్యాపు గీస్తే ఆ తోకలు ఆకాశం చుట్టూ చుట్టుకుని కనిపించాయి. అంటే మన నెత్తి మీదుగానే. ఈ టెలిస్కోపులో మాత్రం అవి కనబడవు. ఇంతకంటే పెద్దది కొన్నా కంటికి అందవు.

కంటికి పండగ కావాలంటే ఒమెగా సెంటారీ అనే నక్షత్ర గుచ్ఛం. మే నెల మధ్యలో రాత్రి పదింటికి దక్షిణాన 24 డిగ్రీల ఎత్తులో ఉంటుంది. పారిస్‌లో ఇది ఉదయించనే ఉదయించదు. మాకు ఆ దిక్కున పాతపట్నం లైట్లు కాస్త అడ్డం, అయినా 48 రెట్లలోనే చుక్కలు విడివిడిగా రాలి పడినట్టుంటాయి. చూసినవాళ్లు గట్టిగా ఊపిరి పీల్చుకోవడం నాకు వినబడింది. ఇందులో దాదాపు కోటి నక్షత్రాలున్నాయి, మామూలు గుచ్ఛంలో లాగా అన్నీ ఒకే తరంవి కావు. అందుకే ఇదీ ఎప్పుడో పాలపుంత మింగేసిన గెలాక్సీకి మిగిలిన టెంకేనని చాలామంది భావిస్తారు. 2024లో హబుల్ అంతరిక్ష టెలిస్కోపు చిత్రాల ఆధారంగా దీని నడుమ కనీసం 8,200 సూర్యుళ్ల బరువున్న బ్లాక్ హోల్ ఉండాలని తేల్చారు.

కార్తీకంలో ఆండ్రొమెడా. గెలాక్సీతో పాటు దాని ఉపగ్రహ గెలాక్సీలు ఎం32, ఎం110 మూడూ ఒకే ఫీల్డులో పడతాయి. ఎం110 మసకే. ఊరి వెలుగు దాటి మహేంద్రగిరి వైపు వెళితే గాని తృప్తిగా కనిపించలేదు.

లోపాలు: 10 మిల్లీమీటర్ల ఐపీస్ నాసిరకం, అంచుల్లో చుక్కలు సాగిపోతాయి. ఫైండర్ (గురి చూసుకునే చిన్న దుర్బిణి) తిన్నగా ఉండేది కావడంతో నడినెత్తిన ఉన్నవి వెతకాలంటే మెడ విరుగుతుంది. స్టాండు పార్టికల్ బోర్డు. మా వానలకు దాని అంచులు ఉబ్బాయి, కొన్న వెంటనే అంచులకు పెయింటు వేయించుకోండి. ఆటోలో ఎక్కడికి తీసుకెళ్లినా దిగాక అద్దాల కొలిమేషన్, అంటే అవి ఒకే వరసలో ఉన్నాయో లేదో, సరిచూడక తప్పదు.

ఐదుకు నాలుగున్నర ఇస్తాను. ఆ అర మార్కు ఐపీస్‌కీ స్టాండుకీ పోయింది. ఎం54 కోసమే కొనేవాళ్లు జూలై, ఆగస్టుల మీద ఆశ పెట్టుకోవద్దు, మబ్బులే. మేలో తెల్లవారుజామున మూడింటికి లేవండి, లేదా అక్టోబరు చివర అమావాస్య రోజుల్లో రాత్రి ఏడుకల్లా డాబా మీద ఉండండి.