పగా, రహస్యమా, పనా: నూకాలును ఏది నడపాలి?

మేం రాస్తున్న గేమ్‌లో కథానాయిక పేరు నూకాలు. పెదజాలారిపేట పిల్ల. 2014 అక్టోబర్ 12, ఆదివారం, హుద్‌హుద్ తుఫాను విశాఖ మీద పడ్డ రోజున ఆమెకు పద్నాలుగేళ్లు. పొద్దుటి నుంచి చెట్లూ రేకులూ ఎగరేసిన గాలి మధ్యాహ్నానికి ఒక్కసారిగా ఆగిపోయింది. తుఫాను కన్ను ఊరి మీదుగా దాటుతోంది. అంతా అయిపోయిందనుకుని, పడవ చూసొస్తానని నూకాలు అన్న ఒడ్డుకెళ్లాడు. గాలి ఈసారి ఎదురు దిక్కు నుంచి లేచింది. అన్న ఇక రాలేదు.

నూకాలూ, ఆమె అన్నా మా కల్పన. మధ్యలో వచ్చిన ఆ నిశ్శబ్దం కల్పన కాదు.

పదకొండేళ్ల తర్వాత ఆమె మళ్లీ సముద్రం మీదికెళ్లాలి. వెళ్లకపోతే గేమే లేదు. ఎందుకెళ్తుంది? మా ముందు మూడు జవాబులున్నాయి.

మొదటిది పగ. అన్నను ఒడ్డుకు పంపింది పడవ యజమాని అని రాస్తే సరి. ఆడేవాళ్లకు ఎవరిని వెతకాలో మొదటి నిమిషంలోనే తెలిసిపోతుంది. ఆ సౌకర్యం చిన్నదేమీ కాదు. కానీ మనసుకైన గాయం గురించి నేను చదివినదీ చూసినదీ ఇందుకు ఒప్పుకోలేదు. అమెరికా మనోవైద్యుల సంఘం 1980లో పీటీఎస్‌డీని, అంటే పెద్ద దెబ్బ తిన్నాక మనసును వదలని రుగ్మతని, తన రోగనిర్ణయ గ్రంథంలో చేర్చింది. ఈనాటికీ అందులోని ముఖ్య లక్షణాల్లో ఒకటి తప్పించుకోవడం. గాయాన్ని గుర్తుచేసే చోటికి, మాటకి, వాసనకి మనిషి దూరంగా జరుగుతాడు. నూకాలు కూడా అంతే. జగదాంబకు వెళ్లాలంటే బీచ్ రోడ్డు వదిలేసి సిరిపురం మీదుగా వెళ్తుంది. అలాంటి మనిషిని కత్తి పట్టించి సముద్రం వైపు పరిగెత్తిస్తే ఆమె నూకాలు కాదు, మన అవసరం కోసం తయారైన బొమ్మ.

అలాగని పగను పూర్తిగా కొట్టిపారేయను. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ అనే విషవాయువు ఇళ్లలోకి వచ్చింది. అలాంటి కథ రాస్తే కోపానికి ఒక చిరునామా ఉంటుంది, ఆ కోపం న్యాయమైనదే. తుఫానుకు అది లేదు. లేని దోషిని తెచ్చి పెడితే, ఆ రోజు నిజంగా మనుషుల్ని పోగొట్టుకున్నవాళ్ల దుఃఖాన్ని తక్కువ చేసినట్టే.

రెండోది రహస్యం. అన్న సంగతి చివరిదాకా దాచి అప్పుడు విప్పడం. 2001లో వచ్చిన సైలెంట్ హిల్ 2 గేమ్ ఇదే దారిలో నడిచింది. చనిపోయిన భార్య నుంచి ఉత్తరం వచ్చిందని కథానాయకుడు జేమ్స్ ఊరంతా వెతుకుతాడు. ఆమెను చంపింది తనేనని చివరికి తెలుస్తుంది. అది అక్కడ అతికింది, ఎందుకంటే జేమ్స్ ఆ నిజాన్ని తన నుంచి తానే దాచుకున్నాడు. అతనికీ ఆడేవాళ్లకీ ఒకేసారి తెలుస్తుంది. మా కథలో చావు పేటంతటికీ తెలుసు. తెలియనిది ఆడేవాళ్లకొక్కరికే! రెండు వారాలు నేనిలా రాసి చూశాను. ఏ పాత్ర నోటా ‘మీ అన్న’ అన్న మాట రానివ్వకూడదు కదా, జనమంతా డొంకతిరుగుడుగా మాట్లాడటం మొదలెట్టారు. ఎదురుపడగానే పోయినవాడి పేరెత్తి కన్నీళ్లు పెట్టుకునే ముసలమ్మలకు నోరు కట్టేసినట్టయింది. మీ పాత్ర తప్పు తనే చేసి ఉంటే ఈ దారి వాడండి, బాగుంటుంది. పోగొట్టుకున్న మనిషికి మాత్రం వద్దు.

మూడోది పని. మన తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధం. అది ముగిసిన తెల్లవారి అన్న కొడుకు, పద్నాలుగేళ్లవాడు, వయసు ఎక్కువ చెప్పి కళాసీగా మరబోటు ఎక్కేశాడు. వదిన పరిగెత్తుకొచ్చి అంటుంది: “ఒలే నూకాలూ, గుంటడు బోటెక్కీసినాడే. నీకు తప్ప ఎవులికి సెప్పను?” అంతే. లోకాన్ని కాపాడక్కర్లేదు, పిల్లాణ్ని వెనక్కి తేవాలి.

నా ఓటు దీనికే. ఆమెను కదిలించేది ఇవాళ్టి పని. ఆ పనిని ఎలా చేస్తుందో గాయం తేలుస్తుంది. 2013 నాటి ద లాస్ట్ ఆఫ్ అస్ గేమ్ చూడండి. జోయెల్ కూతురు మొదట్లోనే చనిపోతుంది. ఇరవై ఏళ్ల తర్వాత అతను ఎల్లీ అనే పిల్లను వెంట తీసుకెళ్లేది కూతురి కోసం కాదు, తుపాకుల కోసం. కూతురి ఊసెత్తితే మాట తుంచేస్తాడు, కానీ ఆమె ఇచ్చిన పగిలిన వాచీ మణికట్టు మీదే ఉంటుంది. బేరంగా మొదలైంది కాబట్టే తర్వాత జరిగేదంతా నమ్ముతాం.

దీని లోపం మొదలు నెమ్మదిగా ఉండటం. పది నిమిషాల్లో ఏదో ఒకటి జరగకపోతే జనం మూసేస్తారని మా టీమ్‌లో ఒకరు గట్టిగా వాదించారు. ఆ మాటలో నిజముంది. అందుకే గాయాన్ని చెప్పకుండా చేతికి తగిలించే మార్గం వెతికాం. 2017లో వచ్చిన హెల్‌బ్లేడ్ గేమ్ బృందం కేంబ్రిడ్జ్ మనోవైద్య శాస్త్రవేత్త పాల్ ఫ్లెచర్‌తోనూ, లేని గొంతులు వినిపించే సైకోసిస్‌ను అనుభవించినవాళ్లతోనూ మాట్లాడి, కథానాయిక సెనువా చెవుల్లోని గొంతుల్ని మన చెవుల్లో పెట్టింది. నూకాలుకు దీన్ని తిరగేయాలి. ఆమెకు భయం చప్పుడంటే కాదు, చప్పుడు ఆగిపోవడమంటే.

ఇంజన్ ఆగగానే ఆమె బిగుసుకుపోయి బటన్లు పనిచేయకుండా పోవాలని మొదట రాశాను. ఆడి చూసినవాళ్లు ఆమె మీదే విసుక్కున్నారు. జాలిపడాల్సిన చోట విసుగొచ్చిందంటే తప్పు నాది. ఇప్పుడు నిశ్శబ్దం రాగానే ఒక బటన్ వెలుగుతుంది. నొక్కితే నూకాలు పడవ అంచు మీద వేళ్లతో దరువేస్తుంది. నొక్కుతున్నంతసేపూ ఊపిరి నిలకడగా ఉంటుంది, తెడ్డు వేయగలుగుతుంది. ఎందుకో ఎవరూ చెప్పరు. రెండోసారికల్లా ఆడేవాళ్లు అడగకుండానే నొక్కుతున్నారు.

మేనల్లుడు దొరికాక, ఇంజన్ కట్టేసిన రాత్రి, వాడడుగుతాడు: “అత్తా, ఎందుకలా కొడతావ్?” ఆ జవాబు ఇంకా రాస్తున్నాను. ‘ఊరికే’ అని ఒకటుంది. ‘మీ నాన్న...’ అని మొదలై ఆగిపోయేది ఒకటుంది. ఇలాంటి చోట చాలా గేమ్‌లలో ఉండే ‘ఏమీ మాట్లాడకు’ అన్న బటన్‌ను మాత్రం తీసేశాను. అది ఆమె వల్ల కాదు.