మౌంట్ హారియట్: ప్యాకేజీలో ఒకసారి, కాలినడకన ఒకసారి

పోర్ట్ బ్లెయిర్ వెళ్లే మనవాళ్లలో చాలామంది సెల్యులార్ జైలు చూసి, హేవ్‌లాక్ దీవిలో రెండు రోజులు గడిపి తిరిగి విమానం ఎక్కుతారు. రేవుకు అవతలి ఒడ్డున, ఊళ్లో ఏ మేడ మీద నిలబడినా కనిపించే పచ్చని కొండ మౌంట్ హారియట్ మీదికి వెళ్లివచ్చినవారు నాకు తెలిసినంతలో తక్కువే. పోర్ట్ బ్లెయిర్‌కు 2024లో శ్రీ విజయ పురం అనీ, ఈ కొండకు 2021లో మౌంట్ మణిపూర్ అనీ కొత్త పేర్లు వచ్చాయి గాని, పడవ దగ్గరా ఆటో స్టాండులోనూ నాకు ఇంకా పాత పేర్లే వినిపించాయి కనుక ఇక్కడా అవే వాడుతున్నాను. ఈ కొండను నేను ఒకే వారంలో రెండుసార్లు ఎక్కాను. మొదటిసారి ఒక ట్రావెల్స్ వారి ప్యాకేజీలో కారెక్కి వెళ్లాను, రెండోసారి ప్రభుత్వ పడవ దిగి కాలినడకన వెళ్లాను. రెండింటికీ ఉన్న తేడాను చెప్పడమే ఈ సమీక్ష ఉద్దేశం.

ప్యాకేజీకి మనిషికి 1,800 రూపాయలు తీసుకున్నారు. అందులో రాకపోకలు, ప్రవేశ రుసుము, గైడు, మధ్యాహ్న భోజనం, ‘ట్రెక్కింగ్’ కలిసే ఉన్నాయని కాగితం మీద రాసి ఇచ్చారు. ఎనిమిదికి రావలసిన కారు తొమ్మిదిన్నరకు వచ్చింది. అవతలి ఒడ్డుకు కార్లను కూడా దాటించే పడవలు బయలుదేరే చాథమ్ జెట్టీలో కార్ల వరుస అప్పటికే పొడుగ్గా ఉండడంతో రెండు పడవలను వదులుకోవలసి వచ్చింది. కొండ మీదికి చేరేసరికి పన్నెండు దాటింది. ఆ వేళకు సముద్రం మీది ఆవిరంతా పైకి లేచి, దీవులన్నీ పాలలో ముంచిన అటుకుల్లా కలిసిపోయి కనిపించాయి. ప్రవేశ రుసుము మళ్లీ మా చేతే కట్టించి, తరువాత సర్దుబాటు చేస్తామన్నారు గాని ఆ సర్దుబాటు ఈనాటి వరకు జరగలేదు. గైడుగా వచ్చినది కారు నడిపిన కుర్రవాడే. శిఖరం నుంచి అడవి బాటలో వచ్చే కాలాపత్థర్ అనే నల్లని బండ దాకా నడుద్దామని అడిగితే, “అక్కడ చూడటానికేం లేదు సార్, ఒట్టి రాయి” అని నవ్వేశాడు. నలభై నిమిషాల్లో ఫొటోలు, పొట్లాల్లో చల్లారిన పులావు పూర్తయ్యాయి, కారు మళ్లీ కిందికి దిగింది. కుర్రవాడు మర్యాదస్థుడు, బండి జాగ్రత్తగా నడిపాడు. అమ్మినవారు ట్రెక్కింగ్ అన్న మాటకు ఏ అర్థం చెప్పుకున్నారో మాత్రం నాకు బోధపడలేదు.

మూడు రోజుల తరువాత తెల్లవారుజామున ఒంటరిగా చాథమ్‌కు వెళ్లాను. అండమాన్ గడియారమూ మన గడియారమూ ఒకటే అయినా సూర్యుడు అక్కడ చాలా ముందుగా వస్తాడు. మన ఊళ్లో ఇంకా చీకటిగా ఉండే ఐదున్నరకు అక్కడ పూర్తిగా వెలుగు వచ్చేసింది. జెట్టీకి పక్కనే 1883లో స్థాపించిన కలప కోత మిల్లు ఉంది. గాలి ఇటు తిరిగినప్పుడల్లా కోసిన చెక్క వాసన, డీజిలు వాసనతో కలిసి ముక్కుకు తగులుతుంది. అవతలి ఒడ్డున ఉన్న బాంబూఫ్లాట్ వైపు వెళ్లే వాహనాల పడవకు ముందు భాగం తలుపులా కిందికి దిగుతుంది. ఆ ఇనుప పలక జెట్టీకి తగిలీ తగలకముందే మోటారు సైకిళ్లు గడగడమంటూ బయటకు దూకుతాయి, వాటి వెనుక చేపల బుట్టలు, యూనిఫారం పిల్లలు, గ్యాసు సిలిండర్లు వరుసకడతాయి. నడిచి ఎక్కేవారికి ఈ పడవ టికెట్టు కాఫీ ఖరీదు కూడా ఉండదు, వరుసలో ఆగవలసిన పనీ లేదు. దాటడానికి పట్టేది పావుగంట లోపే. నా పక్కన ఖాళీ గంప మీద కూర్చున్న పెద్దావిడ నా చేతిలోని తెలుగు వారపత్రిక చూసి, “ఏ ఊరు బాబూ మనది?” అని అడిగింది. వాళ్ల మామగారి కాలంలో భావనపాడు దగ్గరి పల్లె నుంచి విశాఖలో ఓడెక్కి వచ్చారట. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన మత్స్యకార కుటుంబాలు చాలానే ఉన్నాయి. కొండకు నడిచి వెళ్తున్నానంటే ఆవిడ నన్ను జాలిగా చూసి, “నీళ్లు పట్టుకెల్లు బాబూ, పైన దొరకవు” అన్నది. ఈ ప్రయాణంలో నాకు అందిన సలహాలన్నింటిలో పనికివచ్చింది అదొక్కటే, దానికి రుసుము లేదు.

బాంబూఫ్లాట్ జెట్టీ నుంచి శిఖరం దాకా రోడ్డు ఏడెనిమిది కిలోమీటర్లు ఉంటుంది. మొదటి భాగం సముద్రపు ఒడ్డునే సాగి హోప్ టౌన్ మీదుగా వెళుతుంది. 1872 ఫిబ్రవరి 8న వైస్రాయ్ లార్డ్ మేయో ఈ కొండెక్కి, పైన ఆరోగ్య కేంద్రం కట్టించవచ్చునా అని పరిశీలించి, సూర్యాస్తమయం చూసి, చీకటి పడ్డాక హోప్ టౌన్ జెట్టీకి దిగి వచ్చినప్పుడు, ఇక్కడ శిక్ష అనుభవిస్తున్న ఖైదీ షేర్ అలీ అఫ్రిదీ ఆయనను కత్తితో పొడిచి చంపాడు. మరుసటి నెలలోనే షేర్ అలీని వైపర్ దీవిలో ఉరి తీశారు. కారులో వెళ్లినప్పుడు ఈ ఊరు ఎప్పుడు వచ్చి ఎప్పుడు పోయిందో కూడా నాకు తెలియలేదు. నడిచి వెళ్లినప్పుడు మాత్రం, అంత అధికారం గల మనిషి చూసిన చివరి కొండ ఇదే కదా అన్న ఆలోచన పైదాకా నన్ను వదలలేదు.

అటవీశాఖ గేటు దాటాక ఎక్కుడు నిజంగా మొదలవుతుంది. ఈ శిఖరం ఎత్తు 400 మీటర్లు కూడా ఉండదు, తిరుమల మెట్లదారి ఎక్కినవారికి అంకెలు చూస్తే చిన్నదే అనిపిస్తుంది. కష్టమంతా ఎత్తులో కాదు, గాలిలోని తేమలో ఉంది. అరగంటలో చొక్కా పిండితే నీళ్లు కారేలా తడిసిపోతుంది, ఆగి నిలబడినా చెమట ఆరదు. రోడ్డుకు రెండు వైపులా గర్జన్ చెట్లు కొమ్మ అన్నది లేకుండా నిటారుగా లేచి, ఎక్కడో పైన గొడుగు పడతాయి. ఒక మలుపులో తోక చివర రెండు నల్లని ఆకులు దారాలకు కట్టినట్టు వేలాడుతున్న పిట్ట ఒకటి, నా కంటె పది అడుగుల ముందు కొమ్మ మార్చుకుంటూ చాలా దూరం తోడువచ్చింది. ఇంకాస్త పైన, పాత ఎర్రని ఇరవై రూపాయల నోటు వెనుక ముద్రించిన దృశ్యం కనిపించే చోటు వస్తుంది. నార్త్ బే లైట్‌హౌసు, ముందు వైపున చెట్లు, వెనుక నీలి సముద్రం అన్నీ నోటులో ఉన్నట్టే ఉంటాయి. జేబులో ఆ నోటు ఒకటి పెట్టుకుని వెళ్లండి, ఇప్పుడు అది కొంచెం వెతికితే గాని దొరకడం లేదు.

జెట్టీ నుంచి పైకి నాకు రెండున్నర గంటలు పట్టింది. తొమ్మిది లోపు చేరడం వల్ల పొగమంచు లేదు, రాస్ దీవి, నార్త్ బే, రేవులో లంగరు వేసిన ఓడలు విడివిడిగా కనిపించాయి. బ్రిటిష్ కాలంలో చీఫ్ కమిషనర్ వేసవి విడిది ఇక్కడే ఉండేది. ఆ బంగళాకు ఇప్పుడు మిగిలింది పునాదులు మాత్రమే. కొండకు పేరిచ్చిన హారియట్, ఆనాటి ఖైదీల సెటిల్‌మెంటు సూపరింటెండెంటు రాబర్ట్ టైట్లర్ భార్య. బ్రిటిష్‌వారితో జరిగిన 1891 యుద్ధంలో ఓడిన మణిపూర్ మహారాజు కులచంద్రను, ఆయన అనుచరులను ఇక్కడికే ద్వీపాంతరం పంపారు కనుక కొత్త పేరు వచ్చింది. ఇంత చరిత్ర ఉన్న చోట దాన్ని వివరించే ఏర్పాటు మరికొంత ఉండవలసింది. రెండుసార్లూ పర్యాటకులు పిల్లల ఉయ్యాలల దగ్గరే గుమికూడి కనిపించారు.

అసలు నడక శిఖరం మీద నుంచి కాలాపత్థర్ వరకు ఉన్న రెండు కిలోమీటర్ల కాలిబాట. రోడ్డు కనుమరుగైన క్షణం నుంచి ఇంజను చప్పుడు ఆగిపోయి కీచురాళ్ల రొద ఒక్కటే మిగులుతుంది. బాటకు అడ్డంగా పాకిన వేళ్లు మెట్లలా ఉపయోగపడతాయి, వాన పడిన మర్నాడు అవే కాలు జారుస్తాయి. జలగలు నాకు రెండే దొరికాయి, లేదా నేను వాటికి దొరికాను. చిటికెడు ఉప్పు కాగితంలో మడిచి తెచ్చుకుంటే చాలు. చివర లోయ అంచున నల్లని బండ వస్తుంది. ఖైదీలను దీని మీద నుంచి కిందికి తోసేవారని స్థానికులు చెబుతారు. బండ అంచుకు కంచె నమ్మదగినంతగా లేదు, పిల్లలతో వెళ్లేవారు చేయి వదలకూడదు. అక్కడ నేను ముప్పావు గంట కూర్చున్నాను, ఆ సేపట్లో మరొక మనిషి రాలేదు. ఆ కుర్రవాడు చెప్పింది నిజమే, అక్కడున్నది ఒట్టి రాయే. దాని కింద మాత్రం ఎక్కడా తెగకుండా సముద్రం దాకా దిగిపోయే అడవి ఉంది.

ప్యాకేజీకి నేను ఐదింటికి ఒకటిన్నర మార్కులు ఇస్తాను, ఆ అర మార్కు కారు నడిపినందుకు. పడవకు, కాలిబాటకు నాలుగున్నర. తగ్గించిన అర మార్కు పైన తాగునీరు, తిండి దొరకనందుకు. మనిషికి రెండు లీటర్ల నీళ్లు, అరటిపళ్లు, అడుగు పట్టు ఉన్న బూట్లు, గుర్తింపు కార్డు తీసుకెళ్లాలి. చలికాలంలో ఐదున్నర లోపే సూర్యుడు దిగిపోతాడు, అడవిలో అంతకు ముందే చీకటి పడుతుంది కనుక మూడింటికల్లా దిగడం మొదలుపెట్టడం మంచిది. మోకాళ్ల నొప్పులు ఉన్నవారు బాంబూఫ్లాట్ జెట్టీ దగ్గరే ఆటో మాట్లాడుకుని శిఖరం దాకా వెళ్లి, ఆ రెండు కిలోమీటర్లు మాత్రం నడవవచ్చు. వెయిటింగు ఛార్జీ ఎంతో ఎక్కేముందే తేల్చుకోండి, దిగాక ఆ లెక్క మారిపోతుంది.