మాడిఫైడ్ స్పోర్ట్స్ కారు కొంటున్నారా? ముందు బంపర్ కిందికి తొంగి చూడండి (అనంతపురంలో నాకు తగిలిన దెబ్బ)

సెకండ్ హ్యాండ్‌లో మాడిఫై చేసిన స్పోర్ట్స్ కారు కోసం వెతుకుతున్న అన్నలకూ తమ్ముళ్లకూ ఒక మాట. బేరం ఆడకముందే, టెస్ట్ డ్రైవ్‌కు కూడా ముందే, నేల మీద పడుకుని ముందు బంపర్ లోపలికి టార్చ్ కొట్టి ఆ ఇంజన్ గాలి ఎక్కడి నుంచి పీలుస్తోందో చూడండి. నేను చూడలేదు. అందుకే నా బండి మూడు నెలలుగా షెడ్డులో ఇటుకల మీద కూర్చుని ఉంది, దాని ఇంజన్ పక్కనే గోనెపట్టా మీద విప్పి పడేసి ఉంది.

బండి బెంగళూరులో కొన్నాను. మనకు నాలుగు గంటల దారి, అక్కడ ఇలాంటి బండ్లు బాగా దొరుకుతాయి, మన ఊళ్లో సగం మంది కేఏ (కర్ణాటక రిజిస్ట్రేషన్) బండ్లే తెచ్చుకుని ఎన్ఓసీ (అక్కడి ఆర్‌టీఓ ఇచ్చే అభ్యంతరం లేదనే కాగితం) కోసం తిరుగుతుంటారు కదా, నేనూ అంతే. రెండు తలుపులు, 2 లీటర్ల టర్బో పెట్రోల్. కంపెనీ పేరు రాయను, తప్పు కంపెనీది కాదు. అమ్మినాయన చాలా మర్యాదస్తుడు, కాఫీ కూడా ఇప్పించాడు. సస్పెన్షన్ 40 మిల్లీమీటర్లు కిందికి దించానని, రీమ్యాప్ (పవర్ పెంచడానికి ఇంజన్ కంప్యూటర్ సెట్టింగులు మార్చడం) స్టేజ్ 2 అని, సైలెన్సర్ మార్చానని, కోల్డ్ ఎయిర్ ఇంటేక్ వేయించానని ఒక్కొక్కటి వేలు పెట్టి చూపిస్తుంటే, ఇవన్నీ వేయించాలంటే నాకెంతవుతుంది, ఈయన ఫ్రీగా ఇస్తున్నాడే అని లోపల లెక్కలేసుకుంటూ తలాడించాను. కంపెనీ ఎయిర్ ఫిల్టర్ డబ్బా ఏదన్నా అని అడిగితే "అది ఎప్పుడో పాత సామానుకు పోయింది సార్, ఇంక దాంతో పనేముంది" అన్నాడు. ఆ మాట దగ్గరే నేను లేచి రావాల్సింది.

కోల్డ్ ఎయిర్ ఇంటేక్ అంటే తెలియనివాళ్లకు చెబుతా. కంపెనీ వాళ్లు గాలి పీల్చే నోటిని బానెట్ అంచున, హెడ్‌లైట్ వెనకాల పైన పెడతారు. అక్కడ ఇంజన్ వేడి తగులుతుంది కాబట్టి చల్లగాలి కోసం కొందరు ఆ డబ్బా పీకేసి, గొట్టాన్ని కిందికి దించి, బంపర్ వెనకాల చక్రం పక్కన ఒక కోన్ ఫిల్టర్ తగిలిస్తారు. చల్లగాలి నిజంగానే వస్తుంది. శబ్దం అదిరిపోతుంది, కాదనను, మొదటి రోజు హైవే మీద కిటికీలు దించుకుని ఆ చప్పుడు విన్నప్పుడు పెట్టిన డబ్బులన్నీ వచ్చేసినట్టే అనిపించింది. కానీ ఆ నోరు నేలకు ఎంత ఎత్తులో ఉంది? తర్వాత టేపు పెట్టి కొలిచాను, సరిగ్గా 10 అంగుళాలు. దానికి తోడు చక్రం లోపల ఉండాల్సిన ప్లాస్టిక్ కవర్‌ను గొట్టం పట్టడం కోసం కోసేశారు, అంటే టైరు చిమ్మే నీళ్లు నేరుగా ఫిల్టర్ మీదే పడతాయి.

అనంతపురంలో నీళ్లేంది అని నవ్వకండి. నేనూ అదే అనుకున్నా. ఏడాదంతా కలిపి 550 మిల్లీమీటర్లు పడితే గొప్ప, దేశంలోనే తక్కువ వాన పడే జిల్లాల్లో మనదొకటి, అన్నీ నిజమే. కానీ ఆ పడేది సెప్టెంబర్, అక్టోబర్‌లలో రెండు మూడు రాత్రుల్లోనే కుమ్మరించేస్తే? 2022 అక్టోబర్‌లో ఊరి మధ్యలో పారే నడిమివంక పొంగి కాలనీలకు కాలనీలే మునిగింది మరిచిపోయామా. కర్నూలువాళ్లను అడగండి 2009 వరద గురించి, కడపవాళ్లను అడగండి వాళ్ల ఊళ్లో పొంగిన బుగ్గవంక గురించి. కరువు సీమ అని పేరు పెట్టుకుని వంకల్లో ఇళ్లు కట్టుకున్నాం, నీళ్లు పోయే దారి లేక రోడ్డెక్కుతున్నాయి. సరే, అది వేరే పంచాయితీ.

ఆ రోజు రాత్రి తొమ్మిదిన్నర అయింటుంది. రెండు గంటలు గట్టిగా వాన. బైపాస్ మీద తపోవనం దాకా మామూలుగానే వచ్చాను, ఊళ్లోకి తిరిగాక ఒక చోట రోడ్డు మీద నీళ్లు నిలబడి ఉన్నాయి. ముందు ఒక ఆటో వెళ్లింది, దాని వెనక ఒక పాత డీజిల్ బండి వెళ్లింది, టైరు సగం దాకా కూడా మునగలేదు. ఆటో పోయిన చోట నా బండి పోదా అనుకున్నా, ఇక్కడే తప్పు. ఆటో ఇంజన్ వెనకాల ఉంటుంది, ఆ డీజిల్ బండి ముక్కు పైన ఉంటుంది, నా బండి మాత్రం నోరు కింద పెట్టుకుని నీళ్లలోకి దిగింది. పైగా చిన్నప్పటి నుంచి విన్న మాట ఒకటి, నీళ్లలో రేజ్ తగ్గిస్తే సైలెన్సర్‌లోకి నీళ్లొస్తాయని. అందుకని సెకండ్ గేర్‌లో 3000 ఆర్‌పీఎం మీద గట్టిగా పట్టుకున్నా. ఇంజన్ నడుస్తున్నంత సేపు సైలెన్సర్ నుంచి పొగ బయటికి తోస్తూనే ఉంటుంది, అసలు భయం అటు కాదు, ఇటు, పీల్చే వైపు. 2 లీటర్ల ఇంజన్ 3000 ఆర్‌పీఎం దగ్గర నిమిషానికి 3000 లీటర్ల దాకా గాలి లాగుతుంది, టర్బో ఉంటే ఇంకా ఎక్కువ. అంత లాగుడు ముందు ఫిల్టర్ గుడ్డ ఏం ఆపుతుంది?

అయినా బయటపడేవాణ్ణేమో. సరిగ్గా మధ్యలో ఉండగా ఎదురుగా బస్సు వచ్చింది, ఆయన తప్పేం లేదు, ఆయన దారిన ఆయన పోయాడు, ఆ బస్సు తోసిన అల వచ్చి నా బంపర్‌కు కొట్టింది. ఒక్క "టక్". బండి ఆఫ్.

ఇప్పుడు చెప్పేది జాగ్రత్తగా చదవండి, నా డబ్బులన్నీ ఇక్కడే పోయాయి. బండి ఆగగానే చెయ్యి దానంతట అదే బటన్ మీదికి పోయింది. సెల్ఫ్ కొట్టాను. రెండోసారి కొట్టాను. మూడోసారి లోపల ఇనుము విరిగిన చప్పుడు వచ్చింది. నీళ్లలో ఆగిన బండికి సెల్ఫ్ కొట్టకూడదు, ఒక్కసారి కూడా. గాలిని పిస్టన్ నొక్కగలదు, నీళ్లను నొక్కలేదు. 2 లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజన్‌లో పిస్టన్ పైకి వచ్చాక మిగిలే చోటు 55 మిల్లీలీటర్ల చుట్టుపక్కల ఉంటుంది, అంటే బస్టాండ్ దగ్గర ఇచ్చే చిన్న టీ గ్లాసుడు. ఒక్కో సిలిండర్లో అంతకంటే రెండు చుక్కలు ఎక్కువ పడితే చాలు, పిస్టన్ పైకి రాలేక కన్రాడ్ (పిస్టన్‌ను కింద క్రాంక్‌కు కలిపే కడ్డీ) వంగుతుంది. నాది వంగడమే కాదు, ఒకటి విరిగి బ్లాక్‌కు బొక్క పెట్టింది.

పొద్దున బండిని లాక్కొచ్చాక మా మెకానిక్ అడిగిన మొదటి మాట "అన్నా, సెల్ఫ్ కొట్టినావా?" అవునన్నాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత అన్నాడు, "కొట్టకుండా అట్లే తోపిచ్చుకోని వచ్చింటే, ప్లగ్గులు పీకి చేత్తో తిప్పింటే నీళ్లు బయటికి చిమ్మేవి, ఆయిల్ మార్చుకోని పోయేవాడివి" అని. డిప్‌స్టిక్ తీసి చూపించాడు, ఆయిల్ పాలు ఎక్కువైన కాఫీలా ఉంది. ఖర్చు ఎంతన్నా అంటే నాలుగు లక్షలకు తగ్గదన్నాడు, వేరే ఇంజన్ దొరికితే.

ఇన్సూరెన్స్ ఉంది కదా అనుకున్నా, ఫుల్ ఇన్సూరెన్సే. సర్వేయర్ వచ్చాడు, పది నిమిషాల్లో తేల్చేశాడు. సీట్లు, కార్పెట్లు, వైరింగ్ వరకు చూద్దాం, ఇంజన్ మాత్రం రాదన్నాడు. మామూలు ఫుల్ ఇన్సూరెన్స్‌లో నీళ్లు పోయి ఇంజన్ పాడైతే దాన్ని ప్రమాదం కింద కాక కాన్సిక్వెన్షియల్ లాస్ (పరోక్షంగా తర్వాత కలిగిన నష్టం) కింద చూస్తారు, దానికి ఇంజన్ ప్రొటెక్ట్ అని వేరే యాడ్ ఆన్ తీసుకోవాలి, అది కూడా బండి పాతబడే కొద్దీ ఇవ్వడం మానేస్తారు. ఆ తర్వాత ఆయన బానెట్ లోపల ఫోటోలు తీసుకున్నాడు. వారం తర్వాత లెటర్ వచ్చింది, బండిలో చేసిన మార్పులు పాలసీలోనూ ఆర్‌సీలోనూ చూపించలేదు కాబట్టి మొత్తం క్లెయిమే తిరస్కరిస్తున్నామని. కార్పెట్ డబ్బులు కూడా పోయాయి. కోపం వచ్చింది కానీ వాదించడానికి నా దగ్గర ఏముంది? మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన కొలతలకు తేడాగా బండిని మార్చకూడదు, 2019లో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. నేను మార్చలేదు సార్, ముందాయన మార్చాడు అంటే ఎవరు వింటారు, ఇప్పుడు బండి నా పేరు మీద ఉంది.

ముందాయనకు ఫోన్ చేశాను. "నీళ్లలో ఎవరైనా స్పోర్ట్స్ కారు నడుపుతారా సార్" అన్నాడు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు, నిజం చెప్పాలంటే సగం తప్పు నాదే. కానీ అమ్మేటప్పుడు ఆ ఫిల్టర్ జానెడు ఎత్తులో ఉందని, కవర్ కోసేశామని ఒక్క ముక్క చెప్పాల్సిన పని లేదా? బెంగళూరులో ఆయన వానాకాలమంతా దాన్ని కవర్ కప్పి బేస్‌మెంట్‌లో పెట్టేవాడట, అది ఇప్పుడు చెబుతున్నాడు. ఆ తర్వాత ఫోన్ ఎత్తడం మానేశాడు.

కాబట్టి ఇంకా కొనాలనే ఉంటే (ఉంటుంది, నాకు తెలుసు, నాకూ ఇంకా ఉంది) కంపెనీ సామాను మొత్తం అట్టపెట్టెలో పెట్టి ఇస్తేనే అడ్వాన్స్ ఇవ్వండి. ఎయిర్ బాక్స్, స్ప్రింగులు, సైలెన్సర్, కింది కవర్లు అన్నీ. లేవంటే వాటి ధర విచారించి బేరంలో తగ్గించండి. ఏయే మార్పులు చేశారో కాగితం మీద రాయించుకుని సంతకం పెట్టించుకోండి, వాట్సాప్‌లో మాట్లాడుకున్నదాన్నే నమ్ముకోకండి, డిలీట్ చేసేస్తారు, నాకు చేశారు. ఇన్సూరెన్స్‌ను 14 రోజుల్లోపు మీ పేరుకు మార్పించుకోండి. సీటు బెల్టును చివరిదాకా లాగి చూడండి, బురద మరక ఉంటే ఆ బండి ఇంతకు ముందే ఒకసారి మునిగిందని అర్థం. డిక్కీలో స్టెప్నీ గుంతలో కూడా బురద ఉందేమో వేలు పెట్టి చూడండి.

ఇక వానలో ఉన్న బండిని ఉన్నచోటే ఉంచి ఆటోలో ఇంటికి పొండి. పారే నీళ్లయితే అసలు ఆలోచన కూడా వద్దు, ఒక అడుగు లోతు ప్రవాహం చిన్న కారును కొట్టుకుపోతుంది, రెండు అడుగులైతే పెద్ద బండ్లు కూడా నిలబడవు. కింద మూత లేని మ్యాన్‌హోల్ ఉందో లేదో నీళ్లు చెప్పవు.

ఇంజన్ ఒకటి హైదరాబాద్‌లో దొరికింది, వచ్చే వారం వస్తుంది. ఈ మోడల్ కాకపోయినా సరిపోయే కంపెనీ ఎయిర్ బాక్స్ ఎవరి దగ్గరైనా మూలన పడి ఉంటే చెప్పండి, ఫోటో పెడితే కొలతలు చూసి డబ్బులు పంపిస్తా. ఆ కోన్ ఫిల్టర్ కావాలని ఇప్పటికే ఇద్దరు అడిగారు. హిందూపురం నుంచి ఒకతను ఫోన్ చేసి, "మా పక్క వానలు యాడ పడతాయిలే అన్నా, నాకియ్యి" అన్నాడు. ఇవ్వలేదు.