కేంద్ర ఎన్నికల సంఘం ఫలితాల వెబ్‌సైటు: పార్టీల బలాన్ని ఎంతవరకు చూపుతోంది?

ఓట్ల లెక్కింపు రోజున టీవీ ఛానెళ్లు పోటాపోటీగా ఆధిక్యాలు ప్రకటిస్తున్నప్పుడు, నమ్మదగిన అంకె కావాలనుకున్నవారు చివరికి చేరేది కేంద్ర ఎన్నికల సంఘం ఫలితాల వెబ్‌సైటుకే. ఛానెళ్లకు సమాచారం లెక్కింపు కేంద్రాల్లోని ఏజెంట్ల నుంచీ విలేకరుల నుంచీ అందుతుంది. ఈ సైటులోకి మాత్రం రౌండు పూర్తయ్యాక రిటర్నింగ్ అధికారి ద్వారా వచ్చిన అంకెలే ఎక్కుతాయి. అందువల్ల ఇది ఛానెళ్ల కంటే కాస్త వెనుక నడుస్తుంది; ఆ ఆలస్యాన్ని నేను లోపంగా లెక్కించను. ఇక్కడ పరిశీలించదలచింది వేరే విషయం: దేశంలోని జాతీయ, ప్రాంతీయ పార్టీల బలాబలాలు ఈ సైటు చూసిన సామాన్య పాఠకుడికి సరిగా అర్థమవుతాయా అన్నది. సీట్ల వరకు ఇది నిక్కచ్చిగా ఉంటుంది. ఓట్ల శాతాల దగ్గరికి వచ్చేసరికి, పక్కన ఉండవలసిన ఒక ముఖ్యమైన వివరం లేకపోవడం వల్ల పొరపాటు అభిప్రాయం ఏర్పడే ప్రమాదం ఉంది.

మొదటి పుటలో కనిపించేది పార్టీల పట్టిక. పార్టీ పేరు, గెలిచినవి, ఆధిక్యంలో ఉన్నవి, మొత్తం, అంతే. అనవసరమైన హంగులేవీ లేవు. అంకె మీద నొక్కితే ఆ పార్టీ గెలిచిన నియోజకవర్గాల జాబితా, అభ్యర్థి పేరు, మెజారిటీ వస్తాయి. అయితే ఈ పట్టికలో జాతీయ పార్టీ, రాష్ట్ర పార్టీ అన్న తేడా ఉండదు. స్థానాల సంఖ్యను బట్టే వరుస. 2024 లోక్‌సభ ఫలితాల్లో 240 స్థానాలతో భాజపా, 99తో కాంగ్రెస్ ముందున్నాయి. ఆ వెంటనే వచ్చేవి సమాజ్‌వాదీ (37), తృణమూల్ (29), డీఎంకే (22), తెలుగుదేశం (16). జాతీయ హోదా ఉన్న సీపీఎం నాలుగు స్థానాలతో, ఆమ్ ఆద్మీ మూడు స్థానాలతో వీటికి చాలా కింద ఉంటాయి. బీఎస్పీ, నేషనల్ పీపుల్స్ పార్టీ కూడా జాతీయ పార్టీలే అయినా ఒక్క స్థానమూ గెలవకపోవడం వల్ల ఆ పట్టికలో అసలు కనిపించవు. హోదాను పక్కనపెట్టి బలాన్ని మాత్రమే చూపడం నాకు నచ్చిన పద్ధతి.

చిక్కంతా ఓట్ల శాతాన్ని చూపే వృత్తంతోనే. అందులో వైఎస్సార్ కాంగ్రెస్‌కు 2.06, బీఎస్పీకి 2.04, తెలుగుదేశానికి 1.98 శాతం అని మూడు ముక్కలు దాదాపు ఒకే పరిమాణంలో కనిపిస్తాయి. వచ్చిన స్థానాలు చూస్తే వరుసగా నాలుగు, సున్న, పదహారు. బీఎస్పీ ఓట్లు దేశమంతటా వందలాది నియోజకవర్గాల్లో చెదిరిపోయాయి. మిగిలిన రెండింటి ఓట్లూ ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే పోగుపడ్డాయి. ప్రాంతీయ పార్టీ స్వభావాన్ని ఇంతకంటే స్పష్టంగా చెప్పే ఉదాహరణ ఉండదు, కానీ ఆ సంగతి ముందే తెలిసినవారికి తప్ప వృత్తం చూసినవారికి తట్టదు. ప్రతి పార్టీ పక్కన అది ఎన్ని చోట్ల పోటీ చేసిందో ఒక్క అంకె వేసి ఉంటే సరిపోయేది.

ఆంధ్రప్రదేశ్ శాసనసభ పుటలో ఈ లోటు మరింత కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. 2024లో జనసేనకు రాష్ట్రం మొత్తం మీద ఏడు శాతానికి కొంచెం తక్కువ ఓట్లు వచ్చాయి. ఆ పార్టీ పోటీ చేసింది 21 చోట్లే, గెలిచింది ఆ 21 చోట్లా. వైఎస్సార్ కాంగ్రెస్ 175 స్థానాలకూ పోటీ చేసి, 39 శాతానికి పైగా ఓట్లు తెచ్చుకుని, 11 దగ్గర ఆగిపోయింది. జనసేన తెలుగుదేశం, భాజపాలతో పొత్తులో పోటీ చేసింది. పొత్తు అన్న మాట పుటలో ఎక్కడా లేనందున, ఈ రెండు వరుసలను పక్కపక్కన చదివే తమిళుడికో మరాఠీకో ఏమీ బోధపడదు. ఎన్నికల సంఘం గుర్తించేది పార్టీలనే గాని కూటములను కాదన్నది నిజమే. అధికారిక పట్టికలో కూటమి లెక్క కలపకపోవడం న్యాయమే. కానీ పోటీ చేసిన స్థానాల సంఖ్య చెప్పడానికి ఏ చట్టమూ అడ్డు రాదు.

ఈ సేవలో నిజంగా మెచ్చుకోవలసింది నియోజకవర్గం పుట. ఈవీఎం ఓట్లు, పోస్టల్ ఓట్లు, మొత్తం, శాతం అన్నీ ప్రతి అభ్యర్థికీ విడివిడిగా ఉంటాయి. చివర నోటా కూడా ఉంటుంది. 2024లో మడకశిరలో తెలుగుదేశం 351 ఓట్లతో, 2023లో చేవెళ్లలో భారత రాష్ట్ర సమితి 268 ఓట్లతో గట్టెక్కిన వైనం ఈ వరుసల్లో చదివితే ఒక్కో ఓటు విలువ తెలుస్తుంది. మొదటి ఇద్దరు అభ్యర్థుల పేర్లతో ఆగిపోకుండా కింది వరుసలు కూడా చదవాలని నా మనవి. 2019లో భువనగిరి లోక్‌సభ స్థానంలో కాంగ్రెస్ మెజారిటీ 5,219. అక్కడ ఓడిన టీఆర్ఎస్ (నేటి భారత రాష్ట్ర సమితి) కారు గుర్తును పోలి ఉందని వివాదం రేగిన రోడ్డు రోలర్ గుర్తుపై పోటీ చేసిన అభ్యర్థికి వచ్చిన ఓట్లు 27 వేలకు పైనే. ఓడిన పార్టీ ఎందుకు అంతగా వాపోయిందో ఆ అంకెలు చూస్తేనే అర్థమవుతుంది.

లోతుగా చదవాలనుకునేవారికి సంఘం తరువాత విడుదల చేసే గణాంక నివేదికలు ఉన్నాయి. పోటీ చేసిన స్థానాలు, డిపాజిట్లు కోల్పోయినవి, పోటీ చేసిన చోట్ల మాత్రమే వచ్చిన ఓట్ల శాతం, ఇలా నేను అడుగుతున్నవన్నీ అందులో పార్టీల వారీగా దొరుకుతాయి. జాతీయ పార్టీలు, రాష్ట్ర పార్టీలు, నమోదై గుర్తింపు లేని పార్టీలు అన్న విభజన కూడా ఉంటుంది. 2024 జూన్‌లో వచ్చిన ఫలితాల నివేదికలు డిసెంబరులో వెలువడ్డాయి. అప్పటికి జనం చర్చ మరో ఎన్నికకు మళ్లింది. హోదాలు కూడా మారుతుంటాయి కాబట్టి ఆ నివేదికలను తేదీ చూసుకుని చదవాలి. 2023 ఏప్రిల్‌లో తృణమూల్, ఎన్సీపీ, సీపీఐ జాతీయ హోదా కోల్పోయాయి, ఆమ్ ఆద్మీ దాన్ని పొందింది. 21 స్థానాలు గెలిచిన నాటికి గుర్తింపు లేని జనసేనకు 2025 జనవరిలో గాజు గ్లాసు గుర్తుతో పాటు రాష్ట్ర పార్టీ హోదా దక్కింది.

ఫలితాల పుటలు తెలుగులో లేకపోవడం నాకు బాధ కలిగించే విషయం. బ్యాలెట్ పత్రం మీద అభ్యర్థి పేరు తెలుగులో అచ్చు వేయగలిగిన వ్యవస్థకు, ఫలితాన్నీ అదే లిపిలో చూపడం కష్టమేమీ కాదు. ఊళ్లో ఓటేసి వచ్చిన పెద్దవాళ్లు ఫోనులో తమ నియోజకవర్గం ఫలితం కోసం పక్కవారిని ఆశ్రయించవలసి వస్తోంది. అంకెల నిజాయతీకి ఈ సైటుకు పూర్తి మార్కులు ఇస్తాను. వచ్చే శాసనసభ ఎన్నికల నాటికైనా పోటీ చేసిన స్థానాల గడినీ, తెలుగు పుటనూ చేర్చాలని కోరుతున్నాను.