నుబ్రా లోయ ప్యాకేజీ కొనే విశాఖవాసులకు హెచ్చరిక: డబ్బు కట్టేముందు రాత్రుల లెక్క చూసుకోండి

లద్దాఖ్‌లోని నుబ్రా లోయకు విశాఖపట్నం నుంచి ప్యాకేజీ మాట్లాడుకుంటున్నవారు, ముఖ్యంగా పెద్దవయసు తల్లిదండ్రులను వెంటబెట్టుకుని వెళ్లేవారు, అడ్వాన్సు కట్టేముందు మా అనుభవం చదవాలని కోరుతున్నాను. గత జూన్‌లో మా అమ్మ, నా భార్య, పదేళ్ల మా అబ్బాయి, నేను నగరంలోని ఒక ట్రావెల్ ఏజెంటు ద్వారా మనిషికి రూ.46,500 చొప్పున చెల్లించి వెళ్లివచ్చాం.

నుబ్రాలోని హుందర్ గ్రామంలో ఇసుక తిన్నెల పక్కన రెండు రాత్రుల బస, మధ్యలో ఒక రోజు తుర్తుక్ గ్రామం అని ఏజెంటు మాకు నోటితో చెప్పారు. ఆయన ఇచ్చిన కాగితంలో మాత్రం నీలం సిరాతో ‘నుబ్రా సందర్శన’ అని రాసి ఉంది. బస అన్న మాట గానీ, ఎన్ని రాత్రులన్న అంకె గానీ అందులో లేవు. బల్ల మీద పరిచిన రెండు మూపురాల ఒంటెల ఫొటోలు చూస్తూ నేను ఆ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాను. తీరా వెళ్లాక దక్కింది ఒక్క రాత్రి, అదీ తిన్నెలకు చాలా దూరంలో ఉన్న గుడారంలో. లేహ్ నుంచి హుందర్ దగ్గరున్న దిస్కిత్ ఊరికి దాదాపు 120 కిలోమీటర్ల కొండదారి, హుందర్ నుంచి తుర్తుక్ మరో 80 కిలోమీటర్లు. ఒక్క రాత్రి బసతో తుర్తుక్ చూసి వెనక్కి రావడం కుదిరే పని కాదని ఆ దారి తెలిసిన ఎవరైనా ముందే చెప్పగలరు. 1971 యుద్ధం వరకు పాకిస్తాన్ ఆధీనంలో ఉన్న ఆ గ్రామాన్ని చూడాలన్నది మా అమ్మ కోరిక, అది తీరలేదు.

డబ్బు కంటే నన్ను ఎక్కువగా బాధపెట్టింది మరొకటి. మనం సముద్రమట్టంలో బతికేవాళ్లం. లేహ్ సుమారు 3,500 మీటర్ల ఎత్తులో ఉంది, అక్కడి నుంచి నుబ్రాకు మమ్మల్ని తీసుకెళ్లిన ఖర్దుంగ్ లా కనుమ 5,359 మీటర్ల ఎత్తున ఉంది. విమానంలో దిగినవారు లేహ్‌లో కనీసం 48 గంటలు విశ్రాంతి తీసుకోవాలని వైద్యులు చెబుతారు. మాకు వేసిన ప్రణాళికలో ఆ విశ్రాంతి రోజే లేదు. ఉదయం ఎనిమిదింటికి లేహ్‌లో దిగాం, మర్నాడు తెల్లవారి ఆరింటికి కారు గుమ్మం ముందు ఉంది. కనుమ మీద కారు ఆగేసరికి అమ్మ గోళ్లు నీలంగా మారాయి. “ఒరేయ్ నాన్నా, చెవుల్లో హోరుగా ఉంది” అని, ఆ తరువాత నేను ఏమడిగినా జవాబు చెప్పలేదు. అక్కడి సైనికులు ఆక్సిజన్ పెట్టి వెంటనే కిందకు దింపమన్నారు. లేహ్ కంటే కూడా తక్కువ ఎత్తులో ఉన్న దిస్కిత్ చేరాక అమ్మ తేరుకుని మంచినీళ్లు అడిగారు. అంతవరకు నాకు ప్రాణం ప్రాణంలో లేదు.

వాహనం విషయంలోనూ మోసపోయాం. మర్నాడు తిరుగు ప్రయాణంలో స్థానిక టాక్సీవాళ్లు మా కారును ఆపారు. అది హిమాచల్ నంబరు బండి, బయటి టాక్సీలతో అక్కడ స్థానిక ప్రదేశాలు తిప్పడానికి వారు ఒప్పుకోరు. సామాను దించుకుని మరో కారుకు రూ.9,000 మా జేబులోంచి చెల్లించాం. ఏజెంటుకు ఫోన్ చేద్దామంటే, వేరే రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్‌లు లద్దాఖ్‌లో పనిచేయవు కనుక నా ఫోన్ మూగబోయింది. నా భార్య పోస్ట్‌పెయిడ్ నంబరు నుంచి చేస్తే, వాతావరణం బాగాలేకపోతే తామేం చేస్తామని జవాబు వచ్చింది. ఆ రెండు రోజులూ ఆకాశంలో మబ్బు తునక లేదు.

లోయను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. దిస్కిత్‌లో ష్యోక్ నది వైపు చూస్తూ కూర్చున్న 32 మీటర్ల మైత్రేయ బుద్ధుడి పాదాల దగ్గర నిలబడి, బూడిదరంగు కొండల మధ్య పాయలుగా చీలి సాగే ఆ నీటిని అమ్మ చాలాసేపు చూశారు. అందుకే ఆ చోటు పేరు చెప్పి ఇలా అమ్మడం నాకు మరింత కష్టంగా ఉంది.

కనుక, ఏ రాత్రి ఏ ఊరిలో బస, లేహ్‌లో రెండు పూర్తి రోజుల విశ్రాంతి, లద్దాఖ్ నంబరు ఉన్న వాహనం, ఈ మూడూ సంతకంతో కాగితం మీద రాయించుకున్నాకే డబ్బు కట్టండి. వాట్సాప్ సందేశాలను చెరిపేయవద్దు. నేను వినియోగదారుల సహాయ నంబరు 1915లో ఫిర్యాదు నమోదు చేశాను, జవాబు రాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళతాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మనం నివసించే జిల్లాలోనే కేసు వేయవచ్చు, చెల్లించిన మొత్తం రూ.5 లక్షల లోపు ఉంటే రుసుము కూడా లేదు. సెప్టెంబరు ప్రయాణానికి ఇప్పటికే అడ్వాన్సు కట్టినవారు ఎవరైనా ఉంటే, ఈ రాత్రే ఆ కాగితం తీసి అందులో ‘బస’ అన్న మాట ఉందో లేదో చూసుకోండి.